మెరవకూడని బంగారం

జూన్ 3

ఈ రోజూ అదే వరస. ల్యాబ్‌లో బీకర్లు కడిగాను, ఎక్కడ ఆరబెట్టమంటారని అడిగాను. లేజర్ మిషన్ నడిపే మేడమ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏంటమ్మా, గొంతులో దూది కుక్కుకుని వచ్చావా, అంది. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్నది. గట్టిగా మాట్లాడటం నాకు రాదు. తిట్టడం అసలే రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆమె మొహం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

దేవుడా, నువ్వు ఆమెను క్షమించు. నా వల్ల కాదు.

జూన్ 6

తమ్ముడి వెన్నులోంచి నీరు తీశారు. వాడు టైలర్. చేతులు వణకడం మొదలైన దగ్గర్నుంచి సూదిలో దారం ఎక్కించేది మరదలే. ఇన్నేళ్లు సూదులతో బతికినవాడు ఈ సూదిని చూసి మంచం దిగి పోబోయాడు. నేనే బతిమాలి పడుకోబెట్టాను. ముందు మీ దేవుణ్ణి ఒకసారి గుచ్చించుకోమను అక్కా, తర్వాత నేను, అన్నాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఆ నీటిని చూసేది మా ల్యాబ్‌లోనే. మెదడులో ఊరే డోపమైన్ ఎంత మిగిలిందో అందులో తెలుస్తుందట. ఆ లెక్క చూశాకే పెద్ద డాక్టరు కొత్త మందు ఇచ్చి చూసే బ్యాచ్‌లోకి మనుషుల్ని తీసుకుంటారు. వాడి ఆశంతా దాని మీదే. నాదీ అంతే. శుక్రవారం టెస్ట్.

జూన్ 9, శుక్రవారం

సెలవు పెట్టాను. నీరు తీసిన దగ్గర్నుంచి తల ఎత్తితే చాలు తమ్ముడికి నొప్పి. పక్కనే కూర్చున్నాను. ఈపాటికి టెస్ట్ అయిపోయి ఉంటుంది.

జూన్ 12

రేపు వేరే ల్యాబ్ వాళ్లు చూడటానికి వస్తారట. మేడమ్ రిహార్సల్ పెట్టింది. టెస్ట్‌కి వాడే చిప్ అంటే గోరంత గాజు ముక్క, దాని మీద బంగారం పూత. కానీ మాడిన మూకుడులా నల్లగా ఉంటుంది. కంటికి ఆనని గరుకు వల్ల ఆ రంగనీ, చెయ్యి తగిలినా పాడైపోతుందనీ నేను పనిలో చేరిన రోజే చెప్పారు. శాంపిల్ చుక్క వేసి లేజర్ కొడితే, తిరిగొచ్చే వెలుగును బట్టి అందులో ఏముందో మిషన్ చెబుతుంది. ఏ కాస్త ఉన్నా ఆ గరుకు దాన్ని పట్టిస్తుంది.

గుసగుసను కూడా ఇది కేకలా వినిపిస్తుంది, అంది మేడమ్. ఆ మాటకు ఆమెకే ముచ్చటేసినట్టుంది. నా వైపు తిరిగి, మన ఆంటీని కూడా ఒక చిప్ మీద కూర్చోబెడదాం, ఏం గొణుగుతోందో అప్పుడైనా తెలుస్తుంది, అంది. అందరూ పడీపడీ నవ్వారు. మేనేజరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

నేనూ నవ్వాను. అదే నన్ను కాల్చేస్తోంది.

జూన్ 12, రాత్రి

సాయంత్రం అందరూ వెళ్లాక రేపటి చిప్స్ డబ్బా తెరిచాను. దేవుడి దగ్గర ఇత్తడి దీపాన్ని తోమినట్టే, మెత్తని బట్టతో ఒక్కొక్కటీ రుద్దాను. నలుపు పోయి పచ్చగా మెరిసింది. ఎంత బాగుందో! రేపు అందరి ముందూ ఆమె నోరు పెగలకూడదు, అంతే.

ప్రార్థన చేసుకున్నాను. నిద్ర ముంచుకొస్తోంది.

జూన్ 13

మేడమ్ వచ్చినవాళ్ల ముందు డబ్బా తెరిచింది. ఎవరు ముట్టుకున్నారు, అంది. మాసిపోయాయి కదా అని నేనే తుడిచాను మేడమ్, అన్నాను. ఇంటి దగ్గరే కూర్చుకున్న మాట, చక్కగా వచ్చింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతిలోని శాంపిల్స్ ట్రే బల్ల మీద పెట్టింది. ఫ్రీజర్‌లోంచి తీసిన శాంపిల్స్ కరిగిపోయాయి, ఇక దాచినా పనికిరావు, కొత్త చిప్స్ చేయాలంటే వారం పడుతుంది, అంది.

ఎవరి శాంపిల్స్, అని అడిగాను. ఎవరికీ వినబడలేదు. మళ్లీ అడిగాను.

పోయిన శుక్రవారం చూడాల్సినవే, ఆ రోజు లేజర్ పాడైంది, అంది.

వచ్చినవాళ్లలో ఒకాయన, పాపం తెలియక చేసింది, వదిలేయండి, అన్నాడు. మేడమ్ నన్నే చూస్తూ, తెలియక కాదు, అంది. ఎవరూ నమ్మలేదు. ఈవిడా? చీమను తొక్కితే లెంపలేసుకునే మనిషండీ, అన్నాడు మేనేజరు.

ఆ గదిలో నన్ను విన్నది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆమె అంటే ఇంకా అసహ్యంగా ఉంది.

జూన్ 15

ల్యాబ్‌లో ఎవరో చేసిన పనికి శాంపిల్ పాడైందని తమ్ముడికి ఫోన్ వచ్చింది. సోమవారంలోగా మళ్లీ నీరు తీయించుకుంటేనే బ్యాచ్‌లో ఉంటాడట. చచ్చినా రానన్నాడు. ఎవరు చేశారో గానీ వాళ్ల చేతులు పడిపోను, అన్నాడు. గ్లాసులో నీళ్లు సగం వాడి చొక్కా మీదే పడ్డాయి.

మరదలు నన్ను వంటింట్లోకి లాగింది. మీరు చెబితే వింటాడు వదినా, అంది.

వెళ్లి మంచం పక్కన కూర్చుని చెప్పాను. నేను చేసిందంతా చెప్పాను.

ఏంటక్కా, కాస్త గట్టిగా చెప్పు, అన్నాడు.

ఏం లేదులే, అన్నాను.

జూన్ 20

తమ్ముడు లేకుండానే బ్యాచ్ మూసేశారు.

ఈ వారం దీపం తోమలేదు. నల్లబడుతోంది. అలాగే ఉండనీ.