రెఫరెన్స్ బీరువాలో నీ పెళ్ళిపాటలు

అక్కా,

నీ ఆయాసం తగ్గిందా? అమ్మ మోకాళ్ళు ఎట్లున్నాయి? నాన్న దగ్గు? పోయినవాళ్ళకు నొప్పులుండవంటారు. నాకు నమ్మకం లేదు, అందుకే అడుగుతున్నాను.

నా మనవరాలు కవిత కోయంబత్తూరులో ఎమ్మే చదువుతోంది. నిన్న ఇక్కడికి, కినత్తుకడవుకు వచ్చి చెప్పింది, వాళ్ళ కాలేజీ లైబ్రరీ కేటలాగులో మన ఊరి పేరు వేసి వెతికితే నీ పెళ్ళిపాటల నోటుబుక్కు దొరికిందట. నువ్వు కన్నుమూసిన ఏడాది, తిరిగి ఇస్తానని ఒక ప్రొఫెసరు నా చేతినుంచి తీసుకుపోయినదే. మనందరిలాగే నువ్వూ తెలుగును అరవ అక్షరాల్లో రాశావు కదా, అది చూసి తమిళ పుస్తకాల్లో చేర్చేశారు.

"రాసినవాళ్ళ పేరు ఏమని ఉండాది?" అన్నాను.

"తెలియదు అని ఉంది అవ్వా. సేకరించింది మాత్రం ఆ ప్రొఫెసరంట."

"సరే, పోయి తెచ్చేయ్ పాపా."

"అది రెఫరెన్స్ అవ్వా. అక్కడే కూచుని చూడాల, ఇంటికి ఇయ్యరు."

"మా అక్క చీరల నడుమ దాచుకున్నదాన్ని మా ఇంటికే ఇయ్యరా? బాగుండాది మీ సదువు."

ఇంటి పుస్తకానికి పేరెందుకని ఆనాడు నవ్వావు. ఇప్పుడు చూడు.

అందుకే నేనే కోయంబత్తూరు పోతున్నాను. బస్సులో కళ్ళు తిరుగుతాయేమో, గేటు దగ్గర ఎవరు నువ్వంటే ఏం చూపాలో అని భయంగానే ఉంది. కవిత అనుమతి తీసుకుంది. లోపలికి పెన్ను రానివ్వరట, పెన్సిలైతే పరవాలేదట. ఒకటి చెక్కి సంచిలో పెట్టుకున్నాను. నీ పేరు రాయడానికి అది చాలు.

శుక్రవారం పదకొండు గంటలకు రమ్మన్నారు.