బ్లీచింగ్‌తో పోని ఫ్లోరైడు

మార్చి 2001, మంగళవారం

ఈరోజు పదో తరగతికి హాలోజన్లు చెప్పాను. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ ఒకే గ్రూపు. పైనున్నది కిందిదాన్ని దాని లవణం నుంచి వెళ్లగొడుతుంది, కిందున్నది పైదాన్ని కదిలించలేదు అన్నాను. నాగలక్ష్మి లేచింది. ఊరి ఫ్లోరైడు నీళ్లకు పళ్ల మీద పడ్డ గోధుమరంగు చారలు కనబడకుండా ఎప్పుడూ నోటికి చేయి అడ్డం పెట్టుకునే పిల్ల.

"మేడం, అట్లయితే మా ఊరి ట్యాంకులో ఏసే బ్లీచింగ్ పౌడరు ఫ్లోరైడును పోగొట్టలేదు కదా?"

పోగొట్టలేదు, అందులోని క్లోరిన్ క్రిములను చంపుతుంది, అంతే అన్నాను. ఇన్నేళ్లలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ ఉత్సాహంతోనే సాయంత్రం వాళ్ల సర్పంచి దగ్గరికి వెళ్లాను.

"మందు ఏసినాం కదమ్మా, ఇంకేం కావాల? నువ్వు పిల్లోళ్లకు పాఠం చెప్పుకో పో" అన్నాడు. బ్లీచింగ్ వేసినా ఫ్లోరైడు అలాగే ఉంటుందని ఎంత చెప్పినా పేపర్లోంచి తలెత్తలేదు. ఒళ్లు మండిపోయింది.

బస్సు కోసం నిలబడితే నాగలక్ష్మి నాయన వచ్చాడు. నలభై ఏళ్లకే నడుము వంగిపోయింది. మెడ తిరగక, మనిషంతా నా వైపు తిరిగాడు.

"పాప ఇంటికొచ్చి కడవ ముట్టనంటాంది మేడం. ఆ నీళ్లు మంచివి కావని మీరే చెప్పినారంట. సరే, తాగం. యాడి నీళ్లు తాగాలో అదీ చెప్పండి."

బస్సొచ్చింది. ఎక్కేశాను.

నేను చెప్పింది నిజమే. కానీ ఈ ఎండల్లో ఆ పిల్ల ఇప్పటిదాకా ఏమైనా తాగిందో లేదో...