మీ ఆజా పార్టీ పుస్తకం

లలితా,

ఎనిమిదేళ్ల తర్వాత ఇవాళ మీ ఫిజీలో ఓట్లు పడ్డాయి. ఇక్కడ గల్ఫ్‌లో, అల్ నహ్దాలో మనిద్దరం అద్దెకున్న గదిలోనే కూర్చుని, పోటీ చేసిన పార్టీల పేర్లన్నీ ఫోన్‌లో చూశాను. మీ తాత పెట్టిన చెరకు రైతుల పార్టీ వాటిలో లేదు.

అందుకే నువ్వు నా దగ్గర వదిలి వెళ్లిన ఆయన నోటుబుక్కు తీశాను. తాతని ఆజా అని, నానమ్మని ఆజీ అని అనేదానివి. తెలుగు మాట్లాడేదానివే గాని చదవడం రాదు. "మా ఆజా ఏం రాసినాడో సదివి చెప్పక్కా. మా ఆజీ పేరుందా?" అని అడిగావు. హాస్పిటల్లో డ్యూటీ చేసి అలసిపోయి ఉన్నాను. రెండు పేజీలు తిప్పి, "అన్నీ మీటింగుల సంగతులే. ఆవిడ పేరెక్కడా లేదు" అనేశాను.

"పోనీలే అక్కా, ఆడోళ్ల పేర్లు ఎవరు రాస్తారు" అని నవ్వావు. మరుసటి ఏడాది జబ్బు చేసి ఊరెళ్లి, దానితోనే పోయావు.

ఇవాళ మొత్తం చదివాను. పదకొండో పేజీలో ఉంది. మిల్లు దొరలకు భయపడి మగవాళ్లెవరూ పార్టీ కాగితం మీద మొదటి సంతకం పెట్టకపోతే, మీ ఆజీ సూరమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి వేలిముద్ర వేసిందట. "ఈ పార్టీ నాది కాదు, ఆమెది" అని రాశారు మీ తాత.

ఇందాక మీ అమ్మాయికి ఫోన్ చేసి, ఆ పేజీ హిందీలో చెప్పాను.

"అమ్మకిది తెలుసా ఆంటీ?" అంది.

తెలియదని, చదవకుండానే లేదన్నది నేనేనని చెప్పాను.

"తెలుగులోనే చదవండి. అర్థం కాకపోయినా వింటాను" అంది.

చదివాను.