మలుపు దగ్గర ఆగే మనిషి

పాంగలా,
ఫిబ్రవరి 9

ప్రియమైన దమాకు,

అమ్మ రాస్తున్నది. మకస్సర్ బస్సు డ్రైవరు చేతికి ఈ కవరూ, కాఫీ పొడి డబ్బా ఇచ్చి పంపుతున్నాను. మూత బిగించి చుట్టూ దారం కట్టాను. దారం తెగి ఉంటే డ్రైవరు రుచి చూశాడని అర్థం. ఫోన్ చెయ్యలేదని అలగకు. సిగ్నల్ కోసం చర్చి వెనక గుట్టెక్కాలి, అక్కడ నేను ఒక మాట నీతో అంటే ఊరంతా వింటుంది.

మీ నాన్న అలాగే ఉన్నారు. ఊపిరి ఆగి వచ్చే నెలకి రెండేళ్ళు. పొద్దున్నే కాఫీ ఇస్తున్నాను, మధ్యాహ్నం అన్నం పెడుతున్నాను. మొన్న వాన జల్లు గదిలోకి కొట్టిందని మంచం కాస్త జరిపాను. "ఏమండీ, కాస్త జరుగుతున్నాం" అని ముందే చెప్పాననుకో. చెప్పకుండా చేస్తే ఆయనకి ఎంత కోపమో నీకు తెలుసు కదా.

మీ లుదియా అత్త రోజూ వస్తోంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఈవిడ ముప్పావు మొగుడు. "వదినా, అన్నయ్యకి దుప్పటి మార్చావా? వదినా, అన్నయ్య గదిలో ఈగేమిటి?" ఈగ నా పెంపుడుదని చెప్పాను. తన నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే ఇంటి సంగతులేవీ తన ముందు చెప్పను.

ఊళ్ళో కర్మలు జరిపించే నె తందు తాత కూడా వచ్చి కూర్చున్నాడు. కల్లు తాగి, నాన్నకి ఒక సిగరెట్ పెట్టి, "అమ్మాయి ఎప్పుడొస్తుంది? కర్మ నాడు తల దక్షిణానికి తిప్పాల్సింది పెద్దబిడ్డే కదా" అన్నాడు. నువ్వు పనిలో ఉన్నావన్నాను. నీ పని నువ్వు చూసుకో తల్లీ. ఇక్కడ ఎవరికీ తొందర లేదు.

ఇంతకీ నీ పనేమిటి? మనుషులు చచ్చి మళ్ళీ లేచే ఆటలు చేస్తావట. లుదియా చెప్పింది.

ప్రేమతో,
మీ అమ్మ

*

మకస్సర్,
ఫిబ్రవరి 26

ప్రియమైన అమ్మకు, నాన్నకు,

దారం తెగలేదు. డ్రైవరు మంచివాడు.

లుదియా అత్త చెప్పింది నిజమే. ఆటలో చావంటే అంతే అమ్మా. కింద పడతావు, తెర తెల్లబడుతుంది, కాస్త వెనక మళ్ళీ లేస్తావు. తప్పు ఎక్కడ చేశావో తెలుసుకోవడానికే ఆ చావు. అది లేకపోతే ఆటలో భయం ఉండదు, భయం లేకపోతే గెలిచినా రుచుండదు. నా ఉద్యోగమంతా ఎవరిని ఎక్కడ చంపాలి, చంపి ఎక్కడ లేపాలి అని ఆలోచించడమే. ఇది చదువుతూ మొహం అలా పెట్టకు.

మా ఆటలో ఒక పిల్ల పొగమంచులో కొండెక్కుతుంటుంది. దారి చూపించడానికి ముందు ఒక పెద్దాయన నడుస్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి మలుపులో ఆగి, పిల్ల వచ్చేదాకా చూసి కదులుతాడు. ఎవరిలా నడుస్తాడో నేను చెప్పక్కర్లేదు.

గొడవ అక్కడే వచ్చింది. మాకు పెట్టుబడి పెట్టిన జకార్తా ఆయన, మూడో భాగంలో కొండచరియ విరిగిపడి పెద్దాయన చనిపోవాలంటాడు. "ఆడేవాళ్ళు ఏడవాలి. ఏడిస్తే నలుగురికి చెబుతారు." నేను కుదరదన్నాను. ఎందుకన్నాడు. మా ఊళ్ళో ఊపిరి ఆగినంత మాత్రాన మనిషి పోయినట్టు కాదనీ, కర్మ రోజున బలిచ్చే మొదటి దున్న నేలకొరిగేదాకా ఆయన జబ్బుమనిషేననీ, మా నాన్న ఇప్పుడు అలాగే ఉన్నారనీ చెప్పాను. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. మా హస్నాకి నవ్వాగలేదు. హస్నా అంటే మా ఆఫీసు పెద్ద, ఐదుగురి ఆఫీసుకి పెద్దేమిటిలే.

కానీ అమ్మా, వేరే ముగింపు నా దగ్గరా లేదు. రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడదు. నేను ఇంటికి రాకపోవడానికీ అదే కారణమేమో. నేను వస్తే తల తిప్పాలి, తిప్పితే అయిపోతుంది.

దీనితో ట్యాబ్ పంపుతున్నాను, ఆట అందులో ఉంది. ఎప్పుడూ ఆడనివాళ్ళు ఆడితేనే మా తప్పులు బయటపడతాయని హస్నా అంటుంది. నీకంటే ఆడనివాళ్ళు నాకు దొరకరు. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో దూకాలి. అంతే.

మీ
దమా

*

పాంగలా,
మార్చి 19

ప్రియమైన దమాకు,

నువ్వు నన్ను చంపాలనుకున్నావా?

ఆట మొదలుపెట్టాం. నేనూ లుదియా నాన్న గది గుమ్మంలో చాప వేసుకుని కూర్చున్నాం. పొగమంచు, వెదుళ్ళు, తడి రాళ్ళు చాలా బాగున్నాయి. పిల్ల నడుస్తోంది. నా బొటనవేలు మాట వినక వెదురు వంతెన మీంచి లోయలో పడ్డాను. తెర తెల్లబడింది. అప్పుడు ఆయన దగ్గారు.

మీ నాన్న దగ్గు. రెండు చిన్నవి, ఒక పెద్దది. మాట్లాడబోయే ముందు దగ్గేది.

నేను ట్యాబ్ అక్కడే పడేసి గదిలోకి పరుగెత్తాను. "ఏమండీ!" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. లుదియా నోట్లో తమలపాకు అలాగే ఉండిపోయింది. "వదినా, అన్నయ్య లేచాడా?" అంటుంది. చాలాసేపటికి గానీ నాకు తెలియలేదు, దగ్గింది నా ఒళ్ళోంచి పడిపోయిన వస్తువని.

ముందే ఒక్క ముక్క రాయొద్దూ? పెట్టాల్సిన చివాట్లు దాచి ఉంచాను, వచ్చాక పెడతాను. ఆ దగ్గు ఎక్కడిది నీకు?

ఇక నీ తప్పులు. ఒకటి, వంతెన మరీ సన్నం. రెండు, ఆ పిల్ల పడిపోయి చచ్చి, నిమ్మకు నీరెత్తినట్టు తనంతట తనే లేచి నిలబడుతుంది. ఎవరూ మొయ్యలేదు, ఎవరూ మంచం పక్కన కూర్చోలేదు, ఒక్కరూ అన్నం పెట్టలేదు. ఇదేం చావు? బతికున్నవాళ్ళకి పనే లేకుండా చేశారు మీరు.

రోజూ కాసేపు ఆడుతున్నాను. పెద్దగా ముందుకి పోలేదు.

మీ అమ్మ

*

మకస్సర్,
ఏప్రిల్ 6

ప్రియమైన అమ్మకు, నాన్నకు,

చివాట్లు పెట్టు. రాయాలనే అనుకున్నాను, రాస్తే నువ్వు ఆట తెరవవేమోనని భయపడ్డాను. నాన్నకి బాగున్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పంపిన మాటలు నా దగ్గర పదకొండు ఉన్నాయి. ప్రతిదీ దగ్గుతోనే మొదలవుతుంది. మాటలు తీసేసి దగ్గులు మాత్రం ఉంచుకున్నాను. మాటలు ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

నువ్వు రాసిన రెండో తప్పు హస్నాకి చదివి వినిపించాను. తను లేచి వెళ్ళి దాన్ని గోడకి అంటించింది. మూడేళ్ళుగా ఇంతమందిమి కూర్చుని చావు గురించి మాట్లాడుకున్నాం కానీ, మాలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదమ్మా.

జకార్తా ఆయన గడువు పెట్టాడు. జూన్ ఆఖరుకి ముగింపు ఇవ్వకపోతే తప్పుకుంటాడు. ఆయన తప్పుకుంటే మా ఆఫీసు మూతపడుతుంది.

ఇంకో సంగతి. జూలై అంతా నాకు సెలవిచ్చారు. కోతలయ్యాక కర్మ పెట్టుకుందామని నె తందు తాతకి చెప్పు. నాకు భయంగానే ఉంది, కానీ వస్తాను. ఇంక నావల్ల ఆగకూడదు.

ట్యాబ్ బస్సులో పంపించు. నువ్వు ఎలా ఆడావో అందులో రికార్డయి ఉంటుంది, అది చూసి సరిచేసుకుంటాం.

మీ
దమా

*

పాంగలా,
మే 2

ప్రియమైన దమాకు,

ట్యాబ్ పంపుతున్నాను. పని కాగానే వెనక్కి పంపించు.

నె తందు ఈ ఏడాది వద్దంటున్నాడు. వరి ఆలస్యమైందట, బంధువుల్లో సగంమందికి కుదరదట. వచ్చే ఏడు చూద్దామన్నాడు. పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పలేను కదా. నువ్వు సెలవు వృథా చేసుకోకు, రావద్దు. నాన్న బాగానే ఉన్నారు.

ట్యాబ్ మరిచిపోకు.

అమ్మ

*

మకస్సర్,
మే 24

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం నీ ఒక్కదానికే రాస్తున్నాను.

ట్యాబ్ అందగానే హస్నా నీ రికార్డు తెరిచి, "ఈవిడ ఒకే చోట రెండువందల పన్నెండు సార్లు పడిపోయింది. వంతెన వెడల్పు చెయ్యాల్సిందే" అంది. నేను చూస్తానన్నాను. మొదటి ఆరుసార్లు నిజంగానే పడ్డావు. ఏడోసారి వంతెన దాటేశావు. అవతలికి వెళ్ళి, నిలబడి, వెనక్కి తిరిగొచ్చి, అంచుదాకా నడిచి దూకావు.

తరవాతవన్నీ అంతే. దూకడం, తెర తెల్లబడటం, మలుపులో నాన్న దగ్గడం. ఆయన పక్కనే నువ్వు కదలకుండా నిలబడటం. ఆయన "పద" అన్నట్టు చెయ్యి ఊపితే మళ్ళీ వెళ్ళి దూకడం. ఒకరోజు రెండు గంటలు అలాగే నిలబడ్డావు.

వంతెన వెడల్పు చెయ్యక్కర్లేదని హస్నాకి చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను.

అమ్మా, తల తిప్పలేనిది నేనేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

ఆ వారమే ముగింపు రాసేశాను. కొండచరియ లేదు. చివరి మలుపులో పెద్దాయన ఒక చాప పరుచుకుని పడుకుంటాడు, నాన్నలాగే తల పడమటికి పెట్టుకుని. ఇక దగ్గడు. పిల్ల పక్కన కూర్చోవచ్చు, దుప్పటి కప్పవచ్చు, కాఫీ పెట్టవచ్చు, ఎన్నిసార్లయినా. లోయలో దూకాలంటే ఇక్కడ లోయ లేదు. ఆయన తలని పిల్ల తన చేతుల్తో దక్షిణానికి తిప్పేదాకా ఆట ఆగే ఉంటుంది. గడియారం లేదు, తొందరపెట్టే మాట లేదు. ఏడాదైనా ఆగుతుంది.

జకార్తా ఆయనకి చూపించాను. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి "ఇంకేం జరగదా?" అన్నాడు. "మీరు చేసేదాకా జరగదు" అన్నాను. బయటికి వెళ్ళి సిగరెట్ కాల్చి వచ్చి, "ఇలాగే ఉండనివ్వండి" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగవల్లేనని చెప్పుకున్నాడు.

ట్యాబ్ పంపుతున్నాను. పాత ఆట కూడా అందులోనే ఉంచాను, తీసెయ్యలేదు. నీకు ఏది కావాలంటే అది ఆడుకో. వచ్చే ఏడైనా సరే, ఆ తరవాతైనా సరే. నిన్ను ఒక్క మాట అడగను.

మీ
దమా

*

పాంగలా,
జూన్ 21

నా బంగారు తల్లికి,

నె తందు వద్దన్నాడని రాశాను కదా, అబద్ధం. ఆయన ఆ మాట అననేలేదు. పాపం, రెండుసార్లు ముహూర్తం పట్టుకొచ్చాడు. రెండుసార్లూ "అమ్మాయికి సెలవు దొరకలేదు" అన్నాను. నీకేమో తాత వద్దంటున్నాడని రాశాను. ఆయన దగ్గర నీ పేరు, నీ దగ్గర ఆయన పేరు చెప్పి, మధ్యలో నేను సుఖంగా ఉన్నాను. పొద్దున్న లేస్తే కాఫీ ఇవ్వడానికి ఒక మనిషుంటే చాలనిపించింది. ఆ గది ఖాళీ అయితే నేను లేచి ఎవరికి చెప్పను, "తెల్లారిందండీ" అని?

ట్యాబ్ వచ్చిన రోజే కొత్త ఆట చివరికి వెళ్ళాను. ఏడు మలుపులు, ఒక్కసారి కూడా చావలేదు, చూశావా మీ అమ్మ చెయ్యి తిరిగింది. ఆయన పడుకున్నారు. దుప్పటి కప్పాను. కాఫీ పెట్టాను. మర్నాడు మళ్ళీ తెరిచి చూశాను, అలాగే ఉన్నారు. అలా పదహారు రోజులు. లుదియా విసుక్కుంది. "వదినా, ఆ తల తిప్పు, తరవాత ఏముందో చూద్దాం." "నీ అన్నయ్యే కదా, నువ్వు తిప్పు" అని ట్యాబ్ తన చేతిలో పెట్టాను. ముప్పావు మొగుడు కదా, పట్టుకుని కూర్చుంది కూర్చుంది, ఏడుస్తూ నాకే ఇచ్చేసింది.

నిన్న మధ్యాహ్నం తిప్పాను. ఏమవుతుందోనని కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పొగమంచు విడిపోయింది. పిల్ల ఒక్కతే దారిలో నడుస్తోంది, ముందు ఎవరూ లేరు. పడిపోలేదు. నాకు ఆశ్చర్యమేసింది.

చెప్పులేసుకుని తిన్నగా నె తందు ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన మాత్రం తాపీగా, "అమ్మాయికి సెలవు దొరికిందని నీకొచ్చిన ఉత్తరం చూసి ఏప్రిల్‌లోనే లుదియా చెప్పిందమ్మా. ఊరందరికీ తెలుసు" అన్నాడు.

"మరి నన్నెందుకు అడగలేదు తాతా?"

"అడిగితే నువ్వు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి కదా."

అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఊరు ఊరంతా నా కోసం ఆగి, ఒక్కళ్ళూ పైకి అనలేదు చూడు.

జూలై 18న కర్మ. పాకలు వేయడం రేపు మొదలుపెడతారు. నువ్వు నాలుగు రోజుల ముందే రావాలి. తల నువ్వు పట్టుకో, కాళ్ళు నేను పట్టుకుంటాను. లుదియా ముందుకొస్తుంది, నడుం దగ్గర పట్టుకోమని చెబుదాం.

ఒక్క మాట దమా. రెండేళ్ళుగా నేను ఏడవలేదు. జబ్బుమనిషి పక్కన ఏడిస్తే ఆయనకి దిగులు కదా, ఎలా ఏడుస్తాను? ఆ రోజు మొదటి దున్న పడ్డాక ఏడవచ్చు. నాకు చాలా ఏడవాలని ఉంది తల్లీ. నువ్వు వచ్చి నా పక్కన ఉండు.

మీ అమ్మ