ఈ మధ్య కనిపించడం లేదు

డాక్టరు బావమరిదికి ఆశీస్సులు.

మా పెళ్లిరోజున, "మా అక్క మనసులో ఏదీ దాచుకోదు బావా, హామీ నాది" అన్నావు. నలభై రెండేళ్లయింది. ఆవిడ మనసులో మాట ఒక్కటీ నా చెవిన పడలేదు. అలాంటి నిన్ను నమ్మి రెండు కళ్లూ అప్పగించాను. శుక్లాలు తీసి మల్టీఫోకల్ లెన్సులు పెట్టావు. ఇక కళ్లజోడుతో పనే లేదన్నావు. ఈ మధ్య కనిపించడం లేదు. సంజాయిషీ కాగితం మీద పంపు. ఫోనులో అన్నమాట తర్వాత అనలేదంటావు.

ఇట్లు, బావ

తా.క.: మీ ఆస్పత్రి కరపత్రంలో ఏడు అచ్చుతప్పులున్నాయి. ప్రూఫులు దిద్ది బతికినవాణ్ణి, ఊరుకోలేను.

బావగారికి నమస్కారాలు.

ఈ మధ్య అంటే ఎన్నాళ్లుగా? నొప్పి ఉందా? కన్ను ఎర్రబడిందా? ఉత్తరం అందగానే బయలుదేరండి.

మీ బావమరిది

తా.క.: కనిపించకపోతే ఏడు తప్పులు ఎలా లెక్కపెట్టారు?

బావమరిదికి,

ఈ మధ్య అంటే "ఇటీవల" కాదు. మధ్య. నడుమ. నడుమనున్నదే కనిపించడం లేదు. భాష రానివాడి చేతికి కత్తి ఇచ్చారు.

ఇట్లు, బావ

తా.క.: చీకటిపడితే ప్రతి దీపం చుట్టూ వలయాలు. మొన్న లారీ ఒకటి మహాత్ముడిలా ఎదురొచ్చింది. దణ్ణం పెట్టబోయి పక్కకు దూకాను.

బావగారికి నమస్కారాలు.

వలయాల సంగతి ముందే చెప్పాను. చాలామందికి కొన్ని నెలల్లో అలవాటైపోతాయి. చూపు నడుమ కనిపించకపోతే మాత్రం రెటీనా జబ్బు కావచ్చు. సోమవారం స్కానింగ్‌కి రండి.

మీ బావమరిది

తా.క.: పరగడుపున రానక్కర్లేదు. కోపం మాత్రం ఇంట్లో పెట్టి రండి.

బావమరిదికి,

స్కానింగ్ నీ బుర్రకు చేయించుకో. చేతిలో పుస్తకం కనిపిస్తోంది. ఎదురింటి డాబా మీద కాకి కనిపిస్తోంది. ఆ రెంటికీ మధ్య, బల్లకు అవతల కూర్చున్న మీ అక్క మొహం కనిపించడం లేదు. అలికేసినట్టుంది. నవ్విందో విసుక్కుందో తెలియక అన్నిటికీ తప్పు జవాబులే చెబుతున్నాను. నాకు ఏ దూరం కావాలో ఒక్క మాట అడిగావా?

ఇట్లు, బావ

బావగారికి నమస్కారాలు.

అడిగాను. లెన్సు ఎంచేముందు ఫారం ఇచ్చాను. అక్షరాలు కంటికి ఆనక మీరు అక్కయ్య చేత నింపించారు. నేను మళ్లీ అడిగితే "అందులో ఉన్నదే" అన్నారు. ఉన్నది ఇదీ: దగ్గర, కావాలి. దూరం, కావాలి. మధ్య దూరం, అక్కర్లేదు. కింద అక్కయ్య చేతిరాత: "ఎదురుగా కూర్చున్నదాన్ని ఆయన తలెత్తి చూసి పాతికేళ్లయింది. ఆ దూరం ఆయనకు వృథా." నకలు జతచేశాను.

మీ బావమరిది

తా.క.: మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఇదొక్కటేననుకుంటా.

బావమరిదికి,

నకలు అందింది. మూడుసార్లు చదివాను. అచ్చుతప్పు ఒక్కటీ లేదు.

నిన్న బల్ల దగ్గర నా కుర్చీ మూరెడు ముందుకు జరుపుకున్నాను, మొహం కంటికి ఆనుతుందేమోనని. ఆవిడేమో తన కుర్చీ మూరెడు వెనక్కి జరుపుకుంది.

ఆ దూరానికి సరిపడే కళ్లజోడు చీటీ పంపు.

ఇట్లు, బావ

తా.క.: ఆవిణ్ణి అనడానికి నాకు మొహం లేదు. కానీ మనసులో ఏదీ దాచుకోదని హామీ ఇచ్చిందెవరు? పాతికేళ్లు దాచిన మాట నీ ఫారం మీద రాస్తే, అది చదివి కూడా నాతో చెప్పకుండా కత్తి పట్టిందెవరు? ఇప్పటికీ నేను తప్పుపట్టేది నిన్నే, బావమరిదీ.