నిన్నటి నీళ్లు

మార్చి 9, ఆదివారం

రేపటి నుంచి నల్లా రాదట. ఎక్కడో పెద్ద పైపు రిపేర్. బుధవారం మా ఆయన తద్దినం. నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. కొత్త నీళ్లు రాగానే పాతవి పారబోయాలని మా అత్తగారు నేర్పింది. రాత్రి గడిస్తే పాచి. ఈరోజు పట్టిన నీళ్లతో బుధవారం ఆయనకు వంట ఎట్లా చేయాలి?

అదే రోజు, సాయంత్రం

నా కొడుకు నరేంద్ర బర్కత్‌పుర నుంచి ఫోన్ చేశాడు. క్యాన్లు తెస్తాడట. వాటిలో నీళ్లు ఎన్నాళ్లవో ఎవరికి తెలుసు అన్నాను. నవ్వాడు. వాడికి అన్నీ నవ్వులాటే.

మార్చి 10

రాలేదు. నల్లా తిప్పితే గాలి మూలిగింది.

మార్చి 11, మధ్యాహ్నం

పై రూంలో కిరాయికి ఉండే నవత సర్కారు ఎగ్జామ్‌కు చదువుతుంది. నా పరేషాన్ చూసి వచ్చి కూర్చుంది. నీళ్ల సంగతి కూడా దాని చదువులో ఉందట. వందేళ్ల కిందట మూసీ పొంగి ఊరిని ముంచిందట. మళ్లీ ముంచకుండా నిజాం సర్కారు గండిపేట కట్ట కట్టించి, ఆ నీళ్లనే ఊరికి తాగించిందట. ముంచిన నీళ్లనే! అత్తగారు గొప్పగా చెప్పుకున్న గండిపేట నీళ్లు అవేనన్నమాట. ఊరు పెరిగింది, అవి చాలలేదు. తర్వాతి సర్కార్లు మంజీరను తెచ్చాయి, కృష్ణను తెచ్చాయి, గోదావరిని తెచ్చాయి.

మన ఇంటికి ఏది వస్తుందని అడిగాను. ఎక్కువ కృష్ణే అంది. నాగార్జున సాగర్ దగ్గర తోడి, మోటార్లతో మజిలీ మజిలీకి పైకి ఎక్కిస్తారట. నీళ్లు ఎక్కడమా! నా మోకాళ్లు మన మెట్లే ఎక్కవు.

పొద్దున బయలుదేరితే సాయంత్రానికి వస్తాయా అన్నాను.

"యాడొస్తయి అమ్మమ్మా? నడుమ ఆగాలె, శుభ్రం గావాలె, మళ్ల ఆగాలె. నీ బిందెలకు వచ్చేటాల్లకే అవి పాచివి. తాజా నీళ్లు నువ్వు ఎన్నడు తాగలే."

అంత దూరం నడిచి వచ్చినదాన్నా నేను మోరీలో పోసింది?

సాయంత్రం

గేట్లు ఎత్తినప్పుడు సాగర్ తీసుకుపోతా, కృష్ణను చూపిస్తా అనేవాడు ఆయన. ప్రతి వానాకాలం అనేవాడు. చూపించకుండానే పోయాడు.

మార్చి 12, పొద్దున

నల్లా రాలేదు. క్యాన్లు వద్దన్నాను. బిందెకు దండం పెట్టి ఆ నీళ్లతోనే ఎసరు పెట్టాను. పైనుంచి అత్తగారు ఏమంటుందోనని భయం.

మధ్యాహ్నం

నరేంద్ర తర్పణానికి నువ్వులు పట్టుకుని చెయ్యి చాపాడు. చెంబు నేనే వంచాను.

కృష్ణను నేనే చూపించాను ఆయనకు.