పేరు పిలవని పూజారి

కంప్యూటర్లో గంట మోగుతోంది. వంటింటి దాకా వినిపిస్తోంది. మన ఆటలో సాయంత్రపు యుద్ధానికి పిలుపు అది. నేను మాత్రం ఆళ్లగడ్డకు, అమ్మ దగ్గరికి పోతున్నాను. ఎల్లుండి తిరిగొస్తాను, నంద్యాల బస్టాండుకు రండి.

రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టాను. అత్తమ్మకు మాత్రలు తిన్నాకే ఇవ్వండి. ఈ రోజు పూజారి రాదని మీ మిత్రులకు చెప్పండి.

ఆ ఆటలో నా పూజారికి ఎక్కవలసిన మెట్టు ఇక లేదు. చావబోయేవారిని బతికించే మంత్రాలన్నీ నావే. అయినా నిన్న డ్రాగన్ నిప్పు కక్కుతుంటే "ఏమప్పా, పక్కకు జరగండి!" అని మాత్రమే అరవగలిగాను. మీ మిత్రులు నలుగురూ జరిగారు. ఇంకెవరినో అన్నాననుకొని మీరు నిలబడి కాలిపోయారు.

"పేరు పెట్టి పిలిస్తే నీ సొమ్మేం పోతాదే?" అన్నారు మీరు.

"మొగుని పేరెత్తితే వాని ఆయుసు తగ్గుతాది, జాగర్త!" అన్నది పక్కగదిలోంచి అత్తమ్మ.

పిలిస్తే మీకు ఇక్కడ గండం, పిలవకుంటే అక్కడ మరణం. నడుమ కుర్చీలో కదలలేక నేను.

మరొక మాట. అత్తమ్మ కూరగాయలకు పోయింది. ఇల్లు ఖాళీగా ఉంది. ఎల్లుండి యుద్ధానికి గొంతు అలవాటు కావాలని, తలుపు మూసి, గట్టిగా పిలిచి చూశాను: "ప్రతాప్!"